మూడు కట్టలు తక్కువ

మొన్న శనివారం మధ్యాహ్నం స్టాఫ్‌రూములో మా తెలుగు పండితుడు తన ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టాడు. నెల రోజులుగా ఆయన ఏదో రత్నాలు ఏరుకునే ఆటలో పడి ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఎన్ని రత్నాలు ఏరినా స్కోరు కదలడం లేదట, ఒకే అంకె దగ్గర మొరాయించి కూర్చుందట. లెక్కల మనిషిని కాబట్టి దానికేం రోగమో నేను చెప్పాలట. కళ్లజోడు సవరించుకుని చూశాను. 2147483647.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఇది మా కల్లం తాత సంఖ్యండీ" అన్నాను. పండితుడు జడుసుకుని ఫోను వెనక్కి తీసుకున్నాడు. ఆ ఆట తయారుచేసినవాళ్లు స్కోరుకు ఒకదానికొకటి రెట్టింపయ్యే ముప్పై ఒక్క గళ్లు ఇచ్చి ఉంటారని, అవన్నీ నిండితే వచ్చేది ఈ సంఖ్యేనని, ఆపైన ఒక్కటి కూడా పట్టదని చెప్పబోయాను. ఆయన వినలేదు. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు అని నేను గుక్క తిప్పుకోకుండా చదివితే, పక్కనున్న సైన్సు మేడం నాకు మంచినీళ్లు అందించింది.

వాళ్ల తప్పేం లేదు. ఆ సంఖ్య కోసం పది నెలలు ఒక మనిషి పడిన పాటు వాళ్లు చూడలేదు. ఆయన పోయాడన్న సంగతి కూడా నాకు రెండేళ్లు ఆలస్యంగా, ఒక పెళ్లిలో కలిసిన పాత విద్యార్థిని చెబితే తెలిసింది. ఆ రోజు పెళ్లిభోజనం సయించలేదు. మొన్న మాత్రం ఆ అంకెలు చూడగానే సంతోషం పట్టలేకపోయాను, దాచుకోను.

రెండు వేల ఐదు ప్రాంతంలో నేను బూర్గంపాడు అవతల అడవి అంచున ఒక హైస్కూల్లో విద్యా వాలంటీరుగా ఉండేదాన్ని. మాది బోనకల్. ఖమ్మంలో బీయెస్సీ లెక్కలు ఫస్టుక్లాసులో పాసయ్యానని ఆ రోజుల్లో నా కాళ్లు నేలమీద ఆనేవి కావు. పదో తరగతి తప్పిన పిల్లలకు ఎండాకాలం క్లాసులు చెప్పడానికి ఊళ్లోనే ఉండిపోయాను. బడి వెనకే తునికాకు కల్లం. అడవిలో కోసిన బీడీ ఆకును యాభైయేసి ఆకుల కట్టలుగా కట్టి ఎండబెట్టే చదును నేలను అక్కడ కల్లం అంటారు. కట్టలు లెక్కపెట్టి తీసుకునే మనిషి కల్లేదారు. ఆ కల్లేదారే మా కల్లం తాత.

నల్లగా, సన్నగా, చెవి వెనక పెన్సిలుతో ఉండేవాడు. లెక్కపెట్టే ముందు రెండు అరచేతులూ తువ్వాలకు తుడుచుకుని, వేళ్ల మీద ఉఫ్ అని ఊదుకునేవాడు. ఆడవాళ్లతో కోయ మాటలో నవ్వించే కబుర్లు చెబుతూనే చేతులతో కట్టలు పేరుస్తూ పోయేవాడు. ఎవరు ఏం చెప్పినా ఆయన అడిగేది ఒకటే.

"సూసినవా, ఇన్నవా?"

భద్రాచలంలో గోదారి పెరిగిందన్నా అంతే, ఎవరింట్లో బర్రె ఈనిందన్నా అంతే. విన్నానంటే తల ఊపి తన పనిలో పడేవాడు. చూశానంటే పెన్సిలు చెవి వెనక పెట్టుకుని మొత్తం చెప్పించుకునేవాడు.

అందరూ కట్టల్ని వందలుగా పేర్చేవాళ్లు. ఈయనది వేరే పద్ధతి. ఎవరు ఎన్ని కట్టలు తెస్తే అన్నింటినీ వరుసలన్నీ సమానంగా నిండేలా పేర్చి చూసేవాడు. తొంభై ఆరు తెస్తే పన్నెండు వరుసలు, వరుసకు ఎనిమిది. తొంభై ఏడు తెస్తే ఎట్లా పేర్చినా చివరి వరుస నిండదు. అప్పుడు ఆ తెచ్చినామె వంక చూసి, ఇయ్యాల నీ ఆకు మొండికేసింది, ఒక్క కట్ట ఇంటికాడ ఇడిసిపెట్టి రాకపోతివి అని వేళాకోళమాడేవాడు. ఆమె కూడా తగ్గేది కాదు, రేపు రెండు మొండివి తెస్తా, ఏం పేరుస్తావో చూస్తా అనేది.

ఏడో తరగతితో చదువు ఆపేసిన ఆ మనిషి, సిమెంటు సంచి కాగితాల లోపలి వైపున, వెయ్యి దాటి చాలా దూరం దాకా మొండి సంఖ్యలన్నీ వరసగా రాసిపెట్టుకున్నాడు. ఒక రోజు చూపించాడు. ఒక్క తప్పు లేదు. వీటిని ప్రధాన సంఖ్యలంటారు తాతా అన్నాను గొప్పగా. పేరు పెడితే సరిపోతదా అన్నట్టు నవ్వి కాగితం మడిచేశాడు.

ఆ ఏడాదే పేపర్లో ఒక వార్త వచ్చింది. డెబ్బై ఎనిమిది లక్షల అంకెలున్న ప్రధాన సంఖ్య ఒకటి కంప్యూటర్లకు దొరికిందట. పేపరు పట్టుకుని కల్లానికి పరుగెత్తాను. అన్ని అంకెలా అని తాత కళ్లు పెద్దవి చేశాడు. దాన్ని ఎట్లా పట్టుకున్నారని అడిగాడు. అక్కడే నాకు ఫస్టుక్లాసు పొంగింది. ఒక కట్టతో మొదలుపెట్టి రెట్టింపు చేస్తూ పోవాలి, చివర ఒక కట్ట తీసేయాలి. రెండుసార్లు రెట్టిస్తే నాలుగు, ఒకటి తీస్తే మూడు. మూడుసార్లయితే ఏడు. ఐదుసార్లయితే ముప్పై ఒకటి. ఏడుసార్లయితే నూట ఇరవై ఏడు. రెట్టించిన సార్లు మొండి సంఖ్యయితే వచ్చేదీ మొండిదే అని తీర్పు చెప్పేసి వచ్చేశాను.

రెండు రోజుల తర్వాత నా క్లాసు మధ్యలో తాత భార్య కిటికీ దగ్గరికి వచ్చింది. "టీచరమ్మా, జర రా. మా ముసలోడు పొద్దుగాల కెల్లి కట్టలు సర్దుతున్నడు, అన్నం గూడ తినలె. నువ్వొస్తెనే తింటడంట."

వెళ్లాను. కల్లం మధ్యలో ఎవరూ అడుగు పెట్టకుండా చుట్టూ రాళ్లు పెట్టి ఉన్నాయి. లోపల తునికాకు కట్టలు, ఇటు నుంచి అటు చాపలాగా పరిచి ఉన్నాయి. తాత చివర నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"పదకొండు మార్లు రెట్టించి ఒకటి తీసిన. రెండు వేల నలభై ఏడు. మొండిదంటివి గద బిడ్డా. ఇరవై మూడు వరుసలు, వరుసకు ఎనభై తొమ్మిది. ఎట్ల కూసున్నదో సూడు."

ఎండలో నిలబడి ఇరవై మూడు వరుసలూ లెక్కపెట్టాను. ఒక వరుసలో ఎనభై తొమ్మిదీ లెక్కపెట్టాను. ఖాళీ లేదు, ఎచ్చు లేదు. ఆడవాళ్లంతా నన్నే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోవాల్సింది, కానీ నాకు గెంతాలనిపించింది. నాలుగేళ్లు కాలేజీలోనూ ట్యూషన్లలోనూ లెక్కలు చేశాను గానీ ఒక గుణకారాన్ని కాళ్లతో చుట్టూ తిరిగి చూడటం అదే మొదలు. అది నువ్వు చూశావా, విన్నావా అని తాత అడగనే లేదు. అడగాల్సిన అవసరం లేకుండా నేనే చెప్పాను, విన్నాను తాతా అని.

పరువు నిలబెట్టుకోవడానికి ఖమ్మం వెళ్లినప్పుడు పాత పుస్తకాలు తిరగేశాను. పదకొండు దగ్గర తప్పిన నియమం పదమూడు, పదిహేడు, పందొమ్మిది దగ్గర మళ్లీ నిలబడుతుంది. ఇరవై మూడు దగ్గర మళ్లీ కూలుతుంది. ముప్పై ఒకటి దగ్గర నిలబడుతుంది. ఆ ముప్పై ఒక్కసార్ల రెట్టింపులోంచి ఒకటి తీస్తే వచ్చేదే ఈ 2147483647. అది మొండిదని రెండు వందల ఏళ్ల కిందటే ఒక పెద్దాయన చేత్తో చేసి తేల్చాడు. ఇదంతా వచ్చి చెప్పాను.

"ఆయన సూసిండు" అన్నాడు తాత. "నేను సూడలె గద."

అంతే, మొదలుపెట్టాడు. ఎంత దాకా భాగించి చూడాలో నేను చెప్పకముందే తనే తేల్చాడు. కల్లం మీద కట్టల్ని ఇటు నుంచి చూస్తే అడ్డం, అటు నుంచి చూస్తే అదే నిలువు. కాబట్టి అడ్డమూ నిలువూ సమానమయ్యే చోటు దాటాక కొత్తగా చూసేదేం ఉండదు. ఆ చోటు నలభై ఆరు వేల మూడు వందల నలభై. అక్కడిదాకా ఉన్న మొండి సంఖ్యలు నాలుగు వేల ఏడు వందల పైచిలుకు. ఒక్కొక్కదానితో ఆ రెండు వందల కోట్ల పైచిలుకును భాగించాలి. ఇదీ ఆయన పెట్టుకున్న పని. తొందర దేనికంటే ఆయన కళ్లలో పొరలు వస్తున్నాయి. ఎడమ కన్ను అప్పటికే సగం. పొర తీయించుకోమని భద్రాచలం దవాఖానాలో చెప్పారు గానీ, తీశాక వంగొద్దు, చూడొద్దు అంటారని, ఈ లెక్క మధ్యలో తెగిపోతుందని వాయిదా వేస్తూ వచ్చాడు. తన కళ్లతో తాను చూడాలి. అంతకు తక్కువ ఏదీ ఆయనకు చాలదు.

శ్రావణంలో ఒక రోజు జోరుగా వాన. బడిలో పదిమంది పిల్లలు కూడా లేరు. తాత గొడుగు లేకుండా, పాలిథిన్ కవరు ఒకటి చొక్కా లోపల దాచుకుని వచ్చాడు. బల్ల మీద కవరు విప్పి కాగితం పరిచాడు.

"తెగింది టీచరమ్మా. పదమూడు వందల ఇరవై ఒకటి కాడ కూసున్నది. ఏం మిగల్లె."

అది ఆయన సరిచూసిన రెండు వందల పదహారో సంఖ్య. కాగితం మీద భాగహారం తీరుగా ఉంది, చివర సున్నా. ఒక్క నిమిషం, అబద్ధం చెప్పను, నేను నమ్మాను. రెండు వందల ఏళ్లుగా ప్రపంచమంతా నమ్మిన సంఖ్య బూర్గంపాడు మండలంలో విరిగిపోయిందని, ఆ విరిచినవాడు తడిసిన బనియనుతో నా ఎదుట నిలబడ్డాడని. తర్వాత సుద్దముక్క తీసుకుని బోర్డు మీద వెనక్కి గుణించాను. పదహారు లక్షల ఇరవై ఐదు వేల ఆరు వందల యాభై వరుసలు, వరుసకు పదమూడు వందల ఇరవై ఒకటి. వచ్చింది 2147483650.

నలభై ఏడు కాదు, యాభై. తాత బోర్డు దగ్గరికంటా వెళ్లి కుడికన్ను ఆనించి చూశాడు. మూడు కట్టలు తక్కువ. చివరి వరుసలో మూడు కట్టలు లేవు. లేకపోయినా ఆయన చెయ్యి వరుస నిండినట్టు రాసేసింది.

చాలాసేపు తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. తర్వాత బెంచీ మీద కూర్చుని చెప్పాడు. వందకు పైబడిన లెక్కలో చివరి వరుసకు రెండు మూడు కట్టలు తక్కువైతే ఆయన ఎప్పుడూ నిండు వరుసగానే రాసేవాడట. ముప్పై ఏళ్లుగా అంతే. "తెల్లారక ముందే అడవికి పోయి, చంకల పిల్లనేసుకొని వచ్చిన తల్లిని మూడు కట్టల కోసం మళ్ల పొమ్మంటమా? నా చెయ్యి అనదు. నాకు తెల్వకుంటనే నిండ రాస్తది."

ముప్పై ఏళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఆ చెయ్యి పుణ్యాన మళ్లీ అడవికి పోకుండా ఇంటికి పోయి ఉంటారో. ఆయనకు మాత్రం ఆ ఆలోచన లేదు.

"ఆకుకు చెల్లుతది బిడ్డా, దీనికి చెల్లది" అని లేచాడు. మళ్లీ మొదటి నుంచి చేస్తానన్నాడు. ఆ చెయ్యి ఇంకెక్కడెక్కడ నింపిందో ఎవరికి తెలుసు?

ఆ కళ్లతో నాలుగు వేల పైచిలుకు భాగహారాలు కావని నాకు తెలుసు. వారం తిరగకుండా ఖమ్మం పోయి మళ్లీ పుస్తకాల మీద పడ్డాను. దొరికింది. ఇటువంటి సంఖ్యను ఏ మొండి సంఖ్యా ఊరికే భాగించలేదు. ముప్పై ఒక్కసార్ల రెట్టింపు కాబట్టి దానికి రెండింతలు, అంటే అరవై రెండేసి మెట్లు ఎక్కుతూ, మెట్టుకు ఒకటి కలిపిన చోటే భాగించే సంఖ్య ఉండాలి. అడ్డదారి అనగానే తాత ముఖం తిప్పుకున్నాడు. కానీ ఒక్క క్షణమే. పదకొండుసార్ల రెట్టింపుకైతే మెట్టెంత అని అడిగాడు. ఇరవై రెండు అన్నాను. ఆయన పెన్సిలు చెవి వెనక నుంచి జారి కిందపడింది.

"ఇరవై రెండుకు ఒకటి కలిపితే ఇరవై మూడు. ఎనభై ఎనిమిదికి ఒకటి కలిపితే ఎనభై తొమ్మిది. బిడ్డా, నేను కల్లంల పేర్చినయే గద ఇవి."

నాకు తట్టనే లేదు! పుస్తకంలో నియమం చదివాను, కల్లంలో ఆ వరుసలు కళ్లారా చూశాను, రెంటికీ ముడి వేసింది మాత్రం ఆయన. ఎందుకట్లా అవుతుందో కాగితం మీద నిరూపించి చూపాను. ఓపిగ్గా వెంట వచ్చి మధ్యలో ఆగిపోయాడు. "సగం సూసిన, సగం ఇన్న" అన్నాడు. మిగతా సగానికి ఇంకో పరీక్ష పెట్టాడు. ఇరవై మూడుసార్లు రెట్టించి ఒకటి తీస్తే ఎనభై మూడు లక్షల ఎనభై ఎనిమిది వేల ఆరు వందల ఏడు. దాని మెట్టు నలభై ఆరు. మొట్టమొదటి మెట్టు మీదే, నలభై ఏడుతో, శేషం లేకుండా తెగింది. ఈసారి చివరి వరుసను మూడుసార్లు సరిచూసుకున్నాడు. ఆ సాయంత్రం తాత, నేను, ఆయన భార్య వేయించి పెట్టిన వేరుశనక్కాయలు తింటూ పిచ్చివాళ్లలా నవ్వుకున్నాం. నవ్వెందుకో ఆమెకు చెప్పబోతే, మీ ఇద్దరికీ ఒకటే జబ్బు అని లోపలికి పోయింది.

తాత తేల్చిన ఆ నలభై ఆరు వేల పైచిలుకు లోపు ఏడు వందల నలభై ఏడు మెట్లు. అరవై మూడు, నూట ఇరవై ఐదు, నూట ఎనభై ఏడు, రెండు వందల నలభై తొమ్మిది, ఇవన్నీ విరిగే సంఖ్యలే కాబట్టి వదిలేశాం. ఐదో మెట్టు మూడు వందల పదకొండు మొండిది, దానితో భాగించాడు. అట్లా ఏరగా ఏరగా నూట అరవై దాకా మిగిలాయి. ప్రతి దాని కిందా రెండు అంకెలు రాసేవాడు, ఎన్ని మిగిలాయి, వరుస నిండటానికి ఎన్ని తక్కువ అని. తన చేతికి తానే పెట్టుకున్న కాపలా అది. వరికోతలు, మిరపచేలో కూలి, సంక్రాంతి దాటాక కట్టెల పని, వీటి సందుల్లో రోజుకొకటి, ఒక్కోసారి వారానికొకటి. అంకెలు పోను పోను పెద్దవయ్యాయి, కాగితం మీద ఆయన రాసే సున్నాలు రూపాయి బిళ్లంత అయ్యాయి. కుడికన్ను కూడా మసకబారింది.

ఏప్రిల్‌లో నాకు తల్లాడ దగ్గర పోస్టింగు ఆర్డరొచ్చింది. చెప్పడానికి వెళ్లేసరికి కల్లాన్ని ఊడ్చి నీళ్లు చల్లారు, మర్నాటి నుంచి ఆకు వస్తుంది. తాత ఒక గోనెసంచి మీద కూర్చుని ఉన్నాడు. ఒక్కటే మిగిలింది, నలభై ఐదు వేల తొమ్మిది వందల నలభై మూడు. పొద్దుటి నుంచి రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ గీత మీద గీత పడి చెడిపోయిందట. కాగితం నా చేతికిచ్చాడు. తన కళ్లతో చూడాలని ఇన్ని నెలలు పంతం పట్టిన మనిషి అట్లా ఇస్తుంటే రెండు చేతులతో అందుకున్నాను.

"నువ్వు సూడు, నేను ఇంట" అన్నాడు. "ఇద్దరం గలిస్తె ఒక మనిషి."

అరచేతులు తువ్వాలకు తుడుచుకున్నాడు. వేళ్ల మీద ఊదుకున్నాడు. నేను పై అంకెలు చదువుతుంటే కళ్లు మూసుకుని నోటితోనే భాగించాడు. నాలుగు మార్లు పోతది అన్నాడు. రాశాను. ఆరు. ఏడు. మళ్లీ నాలుగు. ఒక్కో తీసివేత నాకంటే ముందే చెప్పేవాడు, నేను పెన్సిలుతో వెనక పరుగెత్తేదాన్ని. చివరిది రెండు. కింద గీత గీశాను.

"మిగిలింది పదిహేను వేల తొమ్మిది వందల నలభై ఒకటి, తాతా."

"వరుస నిండాలంటె ఇంకెన్ని గావాలె?"

తీసివేసి చూశాను. రెండోసారి కూడా చూశాను. ముప్పై వేల రెండు అన్నాను.

తాత కుడిచెయ్యి ఒళ్లోకి తీసుకుని ఎడమచేత్తో నిమిరాడు. ముఖమంతా నవ్వు పాకింది.

"ముప్పై వేల రెండు కట్టలు" అన్నాడు. "ఇంత తక్కువైతే నేను గూడ నిండినట్టు రాయలేను బిడ్డా."